అమెరికా ఆడవాళ్ళకి ఓటు 1920లో వచ్చింది సరే, దానికి ముందూ తర్వాతా అసలు పరిస్థితి ఏంటి?

ప్రసన్న_ఆష్‌బర్న్:
అందరికీ నమస్తే. అమ్మకి వచ్చే నెల సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ఉంది, రోజూ రాత్రి భోజనాలయ్యాక కూర్చోబెట్టి ప్రశ్నలు చదివిస్తున్నా. సుసాన్ బి. ఆంథనీ ఏం చేసింది అని ఒకటుంది, జవాబు ఆడవాళ్ళ హక్కుల కోసం పోరాడింది, అంతే ఒక్క లైను. అమ్మేమో ఏ హక్కులు, ఎవరితో పోరాడింది, చివరికి గెలిచిందా లేదా అని పట్టుకుంది. చూస్తే ఆవిడ 1906లోనే పోయారు, ఓటేమో 1920లో వచ్చింది. మరి ఆ మధ్యలో 14 ఏళ్ళు ఎవరు నడిపించారు? ఓటు ఒక్కటేనా లేక ఉద్యోగం, జీతం, ఇల్లు, పిల్లలు వీటిల్లో కూడా ఏమన్నా మారిందా? నెట్‌లో చదివితే తేదీలు తప్ప ఏమీ బుర్రకెక్కట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త కథలా రాయండి, అమ్మకి చదివి వినిపిస్తా.

మాస్టారు_రాజమండ్రి:
అమ్మా ప్రసన్నా, మీ అమ్మగారు అడిగిన ప్రశ్న చాలా మంచిది. ఆంథనీ గారు 1872లో రోచెస్టర్ ఊళ్ళో తిన్నగా వెళ్ళి ఓటేసి వచ్చారు, ఆ నేరానికి అరెస్టు చేసి 100 డాలర్లు జరిమానా వేశారు, ఆవిడ పైసా కట్టలేదు. తర్వాత 1875లో సుప్రీంకోర్టు ఇంకో కేసులో తేల్చేసింది, ఆడవాళ్ళు పౌరులే గానీ పౌరులైనంత మాత్రాన ఓటు ఉండాలని లేదు అని. దాంతో రెండే దారులు మిగిలాయి, ఒకటి రాష్ట్రం రాష్ట్రంగా తిరిగి తెచ్చుకోవడం, రెండోది రాజ్యాంగాన్నే మార్చడం.

రాష్ట్రాల దారిలో మొదట వచ్చింది పశ్చిమ ప్రాంతంలో. వయోమింగ్ ఇంకా రాష్ట్రం కూడా కాకముందే 1869లో ఇచ్చింది, తర్వాత కొలరాడో, యూటా, ఐడహో. ఆ పైన చాలా ఏళ్ళు కదలిక లేదు. మళ్ళీ 1910లో వాషింగ్టన్ రాష్ట్రం, 1911లో కాలిఫోర్నియా. కాలిఫోర్నియాలో గెలిచింది 3,600 లోపు ఓట్ల తేడాతో, ఓటేసినవాళ్ళందరూ మగవాళ్ళే కదండీ, వాళ్ళని ఒప్పించాలి మరి. తూర్పున అయితే 1915లో న్యూయార్క్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ నాలుగు చోట్లా ఓడిపోయారు. రెండేళ్ళకి 1917లో న్యూయార్క్ మళ్ళీ అడిగితే గెలిచారు, లెక్క మారింది అక్కడే. అంత పెద్ద రాష్ట్రంలో ఆడవాళ్ళు ఓటేస్తుంటే వాషింగ్టన్‌లో కూర్చున్న నాయకులు వాళ్ళని కాదనలేరు. ఆ రాష్ట్రాల లెక్కంతా దగ్గరుండి నడిపించింది క్యారీ చాప్‌మన్ క్యాట్ అనే ఆవిడ, పేరు గుర్తుపెట్టుకోమనండి మీ అమ్మగారిని.

నల్గొండ_నరేష్:
అందరు ఓటు గురించే రాస్తున్నరు, నేను జెర ఫ్యాక్టరీ ముచ్చట చెప్త. గప్పట్ల న్యూయార్క్‌ల ఆడోళ్ళు తొడిగే బ్లౌజులు కుట్టే కంపెనీలు వందల కొద్ది ఉండె, అండ్ల పనిజేసేది ఎక్కువ యూదు, ఇటలీ వలసోళ్ళ పిల్లలు, 16, 18 ఏండ్లోళ్ళు. 1909 నవంబర్ల కూపర్ యూనియన్ హాల్ల మీటింగ్ పెడితే పెద్ద పెద్దోళ్ళు మాట్లాడుకుంటనే పోయిండ్రట, క్లారా లెమ్లిచ్ అని 23 ఏండ్ల పిల్ల లేచి యిడ్డిష్ భాషల ఇగ మాటలు జాలు సమ్మె జేద్దాం అన్నది. 20 వేల మంది బయటికొచ్చిండ్రు. చలికాలం, పోలీసులు, గూండాలు కొట్టుడు, జైలు, అన్ని పడ్డరు.

అండ్ల ట్రయాంగిల్ కంపెనీ ఓనర్లు యూనియన్‌ని ఒప్పుకోలే. 1911 మార్చి 25, శనివారం, పని అయిపోయి ఇంటికి వోయే టైంకి మంట అంటుకున్నది. 8, 9, 10 అంతస్తులల్ల కంపెనీ. తొమ్మిదోదాంట్ల ఒక దిక్కు తలుపుకు తాళం, ఎందుకంటే పోయేటప్పుడు ఒక్క దార్లనే పంపి సంచులు చెక్ చేస్తరు, బట్ట ముక్క దొంగతనం చేస్తరేమో అని. బయట ఇనుప మెట్లు బరువు ఆగక కూలినయి. ఫైరింజన్ నిచ్చెన ఆరో అంతస్తు దాక్కనే అందింది. కిటికీలకెల్లి చేతులు పట్టుకొని దుంకిండ్రు. 146 మంది పోయిండ్రు, అండ్ల 123 మంది ఆడోళ్ళే. ఓనర్ల మీద కేసు నడిచింది, తలుపుకు తాళం ఉన్నట్టు వాళ్ళకు తెలుసని రుజువు గాలేదని ఇడిసిపెట్టిండ్రు. మూడేండ్లకు సివిల్ కేసుల ఒక్కో ప్రాణానికి 75 డాలర్లు. ఇది చదివినప్పుడల్ల నాకు నిద్ర వట్టదు.

ఆ బిల్డింగ్ ఇంకా ఉన్నది, గోడకు 2023ల ఆ 146 మంది పేర్లు పెట్టిండ్రు. న్యూయార్క్ పోయినోళ్ళు టైమ్స్ స్క్వేర్‌తోటి ఆగకుండ్రి, వాషింగ్టన్ స్క్వేర్ పక్కనే ఉంటది, పోయి చూడుండ్రి.

సూటిమాట:
అన్నీ బావున్నాయి గానీ నా అభిప్రాయం వేరు. ఊరేగింపులు, సమ్మెలు చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనిపిస్తాయి, నిజంగా మార్చింది టైప్‌రైటరు, టెలిఫోను, వాషింగ్ మెషీను, వీటికి తోడు మొదటి ప్రపంచ యుద్ధం. ఆఫీసుల్లో మనుషులు కావాల్సొచ్చింది, ఆడవాళ్ళు తక్కువ జీతానికి దొరికారు, తీసుకున్నారు. యుద్ధంలో మగాళ్ళు పోయారు, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళు నిలబడ్డారు. ఇంత జరిగాక ఓటు ఎలాగూ వచ్చేదే, ఎవరూ ఆపలేకపోయేవారు. ఉద్యమాన్ని తక్కువ చెయ్యట్లేదు, కారణం ఏదో ఫలితం ఏదో విడదీసి చూడాలంటున్నా.

వాణి_ఫెయిర్‌ఫాక్స్:
సూటిమాట గారూ, ఎలాగూ వచ్చేదే అంటే నేను ఒప్పుకోలేను. మా ఇంటికి దగ్గర్లోనే ఆకోక్వాన్ ఉంది, ప్రసన్నా నీక్కూడా దూరం కాదు, ఒకసారి అమ్మని తీసుకెళ్ళు, అక్కడ పార్కులో ఈ ఆడవాళ్ళ స్మారకం కట్టారు.

1917 జనవరి 10 నుంచి ఆలిస్ పాల్ అనే ఉద్యమ నాయకురాలి మనుషులు వైట్ హౌస్ గేటు ముందు బ్యానర్లు పట్టుకుని నిలబడ్డారు, నినాదాలు లేవు, మాటలు లేవు, చలైనా వానైనా ఊరికే నిలబడటమే. ఏప్రిల్‌లో అమెరికా యుద్ధంలోకి దిగింది. అప్పుడు అందరూ చెప్పింది ఏంటంటే ఇది దేశానికి కష్టకాలం, మీ గొడవ తర్వాత చూసుకోండి అని. వీళ్ళు కదల్లేదు. ప్రజాస్వామ్యం కోసం యూరప్‌లో యుద్ధం చేస్తున్నాం అంటున్న ప్రెసిడెంటు మాటల్నే బ్యానర్ మీద రాసి పట్టుకున్నారు. దాంతో జనం బ్యానర్లు చింపారు, పోలీసులు వీళ్ళనే పట్టుకుపోయారు, పెట్టిన నేరం ట్రాఫిక్‌కి అడ్డం.

నవంబర్ 14 రాత్రి ఆకోక్వాన్ వర్క్‌హౌస్ అనే జైల్లో జరిగింది మాత్రం చదవడానికే కష్టం. లూసీ బర్న్స్ చేతులు పైకెత్తించి సెల్ చువ్వలకి బేడీలేసి రాత్రంతా అలాగే నిలబెట్టారు. డోరా లూయిస్ అనే పెద్దావిణ్ణి సెల్‌లోకి తోస్తే తల ఇనుప మంచానికి కొట్టుకుని స్పృహ తప్పింది, చనిపోయిందనే అనుకున్నారు పక్కనున్నవాళ్ళు. అదే టైంలో ఆలిస్ పాల్ డీసీ జైల్లో నిరాహారదీక్షలో ఉంటే ట్యూబు వేసి బలవంతంగా పచ్చిగుడ్లు, పాలు పోశారు, పిచ్చిదని నిరూపించడానికి మానసిక రోగుల వార్డులో పెట్టారు. ఈ వార్తలు బయటికొచ్చాక నెలాఖరుకల్లా అందర్నీ వదిలేశారు, తర్వాత 1918 మార్చిలో కోర్టు ఆ అరెస్టులే చెల్లవంది. ప్రెసిడెంటు విల్సన్ ఈ ఓటు సవరణకి మద్దతు ప్రకటించింది 1918 జనవరిలో. ఈ వరస చూశాక కూడా టైప్‌రైటర్ల వల్ల వచ్చిందంటే ఎలాగండీ.

సుధ_నాష్‌విల్:
ఎలాగూ వచ్చేదే అన్నవాళ్ళకి మా టెనెసీ కథ చెప్పాలి 🙂

కాంగ్రెస్‌లో సవరణ 1919 జూన్ 4న పాసయింది, అది కూడా సెనేట్‌లో రెండుసార్లు ఓడిపోయాక. ఇంక 36 రాష్ట్రాలు ఒప్పుకోవాలి. 1920 వేసవికి 35 అయ్యాయి, అక్కడ ఆగిపోయింది. మిగతావి కుదరదన్నాయి లేదా అసలు అసెంబ్లీనే పిలవబోమన్నాయి. అందరి కళ్ళూ నాష్‌విల్ మీద. రెండు పక్షాలవాళ్ళూ హెర్మిటేజ్ హోటల్లోనే దిగారు, ఓటుకి అనుకూలమైతే కోటుకి పసుపు గులాబీ, వ్యతిరేకమైతే ఎర్ర గులాబీ. వ్యతిరేకించినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు, వాళ్ళకంటూ దేశమంతా ఒక సంఘం ఉండేది. సారా వ్యాపారుల డబ్బు కూడా ఆ వైపే.

ఆగస్టు 18న ఓటింగు. ముందు దీన్ని పక్కన పెట్టేద్దామన్న తీర్మానం మీద 48కి 48 పడ్డాయి. హ్యారీ బర్న్ అని నయోటా ఊరి కుర్రాడు, 24 ఏళ్ళు, ఎర్ర గులాబీ పెట్టుకుని కూర్చున్నాడు. జేబులో మాత్రం వాళ్ళమ్మ రాసిన ఉత్తరం. ఏడు పేజీల ఉత్తరం అండీ, వాన సంగతులు, ఇంటి సంగతులు, మధ్యలో ఓటుకి అనుకూలంగా వెయ్యి, వాళ్ళని ఎదురుచూపుల్లో పెట్టకు, మంచి పిల్లాడిలా ఉండి మిసెస్ క్యాట్‌కి సాయం చెయ్యి అని. ఆవిడ పేరు ఫెబ్ బర్న్, భర్త పోయాక ఊళ్ళో ఉండి వ్యవసాయం చూసుకునేది. హ్యారీ పేరు పిలవగానే సరే అన్నాడు. అంతా అవాక్కయ్యారు. చివరికి 49కి 47. మర్నాడు సభలో లేచి తల్లి మాట వినడం కొడుక్కి ఎప్పుడూ మంచిదే అనే అర్థంలో చెప్పాడు. 26న వాషింగ్టన్‌లో సంతకం అయి 19వ సవరణ అయింది.

ఆ ఒక్క కుర్రాడు ఆ రోజు కాదంటే ఇంకో రాష్ట్రం ఎప్పుడు దొరికేదో, 1920 నవంబర్ ఎన్నికలకైతే అందేదే కాదు.

సూటిమాట:
సుధ గారి పోస్టు చదివాను, చాలా బాగా రాశారు. టెనెసీ సంగతి ఇంత సన్నని దారం మీద వేలాడిందని చెప్పడం బలమైన వాదనే. అయినా ఇంటి పని విషయంలో నా మాట మీద నేనుంటా, మెషీన్లు రాకపోతే ఆడవాళ్ళకి ఊరేగింపుకి టైమెక్కడిది?

పద్మజ_డాలస్:
సూటిమాట గారూ ఇంటి పని మీద నాకు కొంచెం పట్టుంది, మా డిపార్ట్‌మెంట్‌లో అదే చదివాను. మెషీన్లు వచ్చాయి, ఎవరింటికి వచ్చాయో చూడాలి. 1930ల మధ్యదాకా అమెరికాలో పల్లెటూరి పొలాల ఇళ్ళలో పదింట ఒకదానికే కరెంటు ఉండేది, రూజ్‌వెల్ట్ ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ చట్టం తెచ్చింది 1936లో. అంటే ఓటు వచ్చి 16 ఏళ్ళయ్యాక కూడా మా టెక్సస్ పల్లెల్లో సోమవారం వచ్చిందంటే బట్టల రోజే. బావి నుంచో ఏటి నుంచో నీళ్ళు మొయ్యాలి, పెరట్లో కట్టెల పొయ్యి మీద పెద్ద కాగు పెట్టి బట్టలు ఉడకబెట్టాలి, సబ్బు కూడా కొవ్వుతో ఇంట్లోనే చేసుకునేవాళ్ళు, రుద్దుడు బల్ల మీద రుద్ది రెండు మూడు తొట్లలో జాడించి పిండాలి. మంగళవారం ఇస్త్రీ, ముద్ద ఇనుము పెట్టెలు పొయ్యి మీద వేడిచేసి ఒకటి చల్లారితే ఇంకోటి. ఆగస్టు నెలలో ఆ వేడిలో ఆ పొయ్యి పక్కన నిలబడి చెయ్యాలి, ఇక్కడి ఎండ ఇక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు.

మెషీను కొనుక్కున్న పట్నం ఇళ్ళలో కూడా అంత టైమేం మిగల్లేదు, అంతకుముందు చాకలామెకి వేసే బట్టలు కూడా ఇంటావిడే ఉతకడం మొదలుపెట్టింది, పైగా శుభ్రం ఇంకా ఇంకా కావాలి అనే ప్రచారాలు. కాబట్టి టైం మిగిలాక పోరాడారు అనడం కంటే, టైం లేకుండానే పోరాడారు అనాలి.

ఆఫీసు ఉద్యోగాల సంగతి కూడా చెప్తా. టైపిస్టులు, టెలిఫోన్ ఆపరేటర్లు, టీచర్లు, ఇవన్నీ పెళ్ళి కాని పిల్లలకే. పెళ్ళైతే తీసేసే స్కూల్ బోర్డులు చాలా ఉండేవి. 1932లో అయితే కేంద్ర ప్రభుత్వమే చట్టం చేసింది, భార్యాభర్తలిద్దరూ ప్రభుత్వ ఉద్యోగులైతే ఉద్యోగాలు తీసేసేటప్పుడు ముందు వాళ్ళలో ఒకర్ని తియ్యాలని. చట్టంలో ఆడా మగా అని లేదు, జీతం తక్కువ కాబట్టి మానేసింది దాదాపు అన్ని ఇళ్ళల్లో భార్యే.

చిన్ని_చికాగో:
ఇంత చర్చలో ఒక మాట ఎవరూ రాయలేదు, నల్లజాతి ఆడవాళ్ళు. 1913 మార్చి 3న వాషింగ్టన్‌లో పెద్ద ఊరేగింపు జరిగింది, విల్సన్ ప్రమాణ స్వీకారానికి ముందు రోజు. మా చికాగో నుంచి ఐడా బి. వెల్స్ వెళ్ళింది. ఆవిడ అప్పటికే దక్షిణాదిలో నల్లవాళ్ళని గుంపులుగా వచ్చి చంపడం మీద పత్రికల్లో రాసి ప్రాణం మీదకి తెచ్చుకున్న మనిషి. ఊరేగింపులో నల్లవాళ్ళు వెనక నడవండి, ముందుంటే దక్షిణాది రాష్ట్రాల వాళ్ళకి కోపం వస్తుంది అన్నారు నిర్వాహకులు. ఆవిడ కుదరదంది. పక్కన జనంలో నిలబడి ఇల్లినాయ్ బృందం వస్తుండగా మధ్యలో చేరి తోటి తెల్ల స్నేహితురాళ్ళ పక్కనే నడిచింది.

అదే ఏడాది ఇల్లినాయ్ ఆడవాళ్ళకి ప్రెసిడెంటు ఎన్నికలకీ ఊరి ఎన్నికలకీ ఓటొచ్చింది. ఐడా స్థాపించిన ఆల్ఫా సఫ్రేజ్ క్లబ్ వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాయించారు, తిరుగుతుంటే మగాళ్ళు ఇంటికి పోయి పిల్లల్ని చూసుకోండి అని ఎగతాళి చేసేవారు. 1915లో చికాగో కౌన్సిల్‌కి మొదటి నల్ల సభ్యుడు గెలిచింది ఆ ఓట్లు కూడా కలిసే.

1920 తర్వాత దక్షిణాదిలో మాత్రం సవరణ కాగితం మీదే. ఓటెయ్యాలంటే పోల్ టాక్స్ అనే పన్ను కట్టాలి, రాజ్యాంగంలో పేరా చదివి అర్థం చెప్పాలి, చెప్పినా గుమాస్తా తప్పంటే తప్పే, అవన్నీ దాటినా ఇంటి మీదకి మనుషులొస్తారు. 1965 ఓటు హక్కు చట్టం దాకా ఇదే. అమెరికన్ ఇండియన్లకి పౌరసత్వమే 1924లో ఇచ్చారు, అరిజోనా, న్యూ మెక్సికోల్లో 1948 దాకా ఓటు వెయ్యనివ్వలేదు. ప్రసన్న గారూ, మీ అమ్మగారికి చదివేటప్పుడు ఇది మాత్రం వదిలెయ్యకండి.

డాక్టర్_రేవతి:
నేను కాన్పుల డాక్టర్ని కాబట్టి నా వైపు నుంచి. ఆడవాళ్ళకి ఓటొచ్చాక మొదటి ఫలితం ఏంటంటే 1921లో వచ్చిన షెపర్డ్-టౌనర్ చట్టం. గర్భిణులకి, పసిపిల్లలకి ఆరోగ్య సేవల కోసం కేంద్రం రాష్ట్రాలకి డబ్బివ్వడం అదే మొదలు. నర్సులు పల్లెలకి వెళ్ళి మంత్రసానులకి శిక్షణ ఇచ్చారు, పిల్లల్ని తూకం వేసి చూశారు. ఆడవాళ్ళంతా ఒకే మూకగా ఓటేస్తారేమో అని నాయకులు భయపడి పాస్ చేశారు. ఆ భయం తీరాక, డాక్టర్ల సంఘం కూడా ఎదురు తిరిగాక 1929లో డబ్బు ఆపేశారు. మా వృత్తివాళ్ళే అడ్డుపడ్డారని చదివినప్పుడు చాలా బాధేసింది.

గర్భ నిరోధం సంగతైతే, 1873 నాటి కామ్‌స్టాక్ చట్టం ప్రకారం దాని గురించి సమాచారం పోస్టులో పంపడమే నేరం. మార్గరెట్ సాంగర్ అనే నర్సు 1916 అక్టోబర్‌లో బ్రూక్లిన్ బ్రౌన్స్‌విల్‌లో క్లినిక్ తెరిచింది, కరపత్రాలు ఇంగ్లీషు, యిడ్డిష్, ఇటాలియన్ మూడు భాషల్లో. పొద్దున్నే తల్లులు చంకలో పిల్లలతో వరసలో నిలబడ్డారు. పది రోజులు తిరక్కుండానే పోలీసులు మూసేశారు, ఆవిడా జైలుకెళ్ళింది, చెల్లెలు ఎథెల్ జైల్లో నిరాహారదీక్ష చేసింది. ఇదే సాంగర్ 1935 డిసెంబర్‌లో వార్ధా వచ్చి గాంధీ గారితో మాట్లాడింది, ఆయన సాధనాలొద్దు సంయమనమే దారి అన్నారు, ఇద్దరికీ కుదరలేదు. ఆవిడ ఫలానా రకం మనుషులు పిల్లల్ని కనకూడదు అనే యూజెనిక్స్ వాదాన్ని కూడా సమర్థించింది, అది నేను సమర్థించను, ఆవిడ చేసిన మంచితో పాటు అదీ చెప్పాల్సిందే.

గుంటూరు_బ్రాడీపేట:
రేవతి మేడం డాక్టర్ల ప్రస్తావన తెచ్చారు కాబట్టి మా ఊరి సంగతి. గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రి తెలియనివాళ్ళుండరు, మా ఇంట్లో రెండు తరాలు అక్కడే పుట్టారు. ఆ పేరు డాక్టర్ ఆనా కుగ్లర్‌ది, పెన్సిల్వేనియాలో ఆడవాళ్ళ మెడికల్ కాలేజీలో 1879లో పాసై 1883లో లూథరన్ మిషన్ తరఫున గుంటూరు వచ్చారు. చిత్రమేంటంటే మిషన్ వాళ్ళు ముందు డాక్టరుగా పంపలేదు, ఇళ్ళకెళ్ళి ఆడవాళ్ళకి చదువు చెప్పే పనికి పంపారు, వైద్యం పని అధికారికంగా ఇచ్చింది తర్వాత. మగ డాక్టరు దగ్గరికి రాని ఆడవాళ్ళంతా ఈవిడ దగ్గరికి వచ్చేవారు. 1898లో ఆసుపత్రి తెరిచారు, 1930లో పోయేదాకా గుంటూరు వాళ్ళకే చేశారు. అంటే ఓటు వచ్చే నాటికి ఆవిడ ఇక్కడ ఆపరేషన్లు చేస్తూ, ఆసుపత్రి నడుపుతూ ఉన్నారు, అక్కడ సొంత దేశంలో మాత్రం ఓటు కోసం అప్పటిదాకా ఎదురుచూశారు.

మాస్టారు_రాజమండ్రి:
బ్రాడీపేట బాబూ మంచి విషయం గుర్తుచేశావు. ఇంకో లంకె కూడా ఉంది. అమెరికాలో సవరణ వచ్చిన మర్నాటి ఏడాదే, 1921లో, మద్రాసు శాసనసభ ఆడవాళ్ళకి ఓటిచ్చింది. బ్రిటిష్ ఇండియా రాష్ట్రాల్లో మొదట ఇచ్చింది మద్రాసే, మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు అందులోనే ఉన్నాయి. ఆస్తి ఉన్నవాళ్ళకే ఓటు కాబట్టి అందింది బహు కొద్దిమంది ఆడవాళ్ళకే, అందరికీ ఓటంటే స్వతంత్రం వచ్చి రాజ్యాంగం రాసుకున్నాకే.

నరేష్ ఫ్యాక్టరీల గురించి రాశాడు, దానికి కోర్టుల సంగతి కలుపుతాను. ఆరెగన్ రాష్ట్రం లాండ్రీల్లో ఆడవాళ్ళ చేత రోజుకి 10 గంటలకి మించి పని చేయించకూడదని చట్టం చేస్తే 1908లో సుప్రీంకోర్టు సరే అంది, కారణం ఆడవాళ్ళ శరీరం వేరు, వాళ్ళు తల్లులు కావాలి కాబట్టి అని. మగవాళ్ళకి అలాంటి చట్టాన్ని అంతకు మూడేళ్ళ ముందే కొట్టేసింది. 1923లో రాజధాని వాషింగ్టన్ నగరంలో ఆడవాళ్ళకి పెట్టిన కనీస వేతన చట్టం కోర్టుకొస్తే కొట్టేశారు, అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి ఇప్పుడు మీకు 19వ సవరణ వచ్చింది కదా, మగవాళ్ళతో సమానమయ్యారు కదా, ఇంక ప్రత్యేక రక్షణ ఎందుకు అని. సరిగ్గా అదే ఏడాది ఆలిస్ పాల్ సమాన హక్కుల సవరణ ప్రతిపాదించింది. కార్మిక ఆడవాళ్ళ కోసం జీవితమంతా పనిచేసిన ఫ్లోరెన్స్ కెల్లీ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది, సమానత్వం పేరుతో ఉన్న రక్షణ కూడా పోతుందని.

నల్గొండ_నరేష్:
మాస్టారూ నేనైతే కెల్లీ దిక్కే. పది గంటలు నిలబడి ఇస్త్రీ చేసేటామెకు సమానత్వం ఏం పెడతది, ముందు ఇంటికి పోనియ్యాలె.

వాణి_ఫెయిర్‌ఫాక్స్:
నరేష్ తమ్ముడూ, ఆ చట్టాలు అడ్డుపెట్టుకునే ఆడవాళ్ళని మంచి జీతం వచ్చే రాత్రి షిఫ్టుల నుంచి తీసేశారు. గంటలు తగ్గించాలంటే అందరికీ తగ్గించాలి, ఆడవాళ్ళకి మాత్రమే తగ్గిస్తే ఓనరు మగాణ్ణి పెట్టుకుంటాడు. చివరికి 1938లో మగా ఆడా తేడా లేకుండా పని గంటల చట్టం వచ్చింది కదా, దారి అదే.

నల్గొండ_నరేష్:
అక్కా అది నిజమే గని 1938 దాక ఆగాలంటే 1908ల పనిజేసేటోళ్ళ గతేంది? ఉన్నదాంతోటి ఉన్నోళ్ళని కాపాడాలె గద.

శ్రావ్య_మినియాపోలిస్:
నేను చాలా రోజులుగా చదవడమే గానీ రాయను, ఈ టాపిక్ చూసి ఆగలేకపోయా. ఎవరూ రాయని చట్టం ఒకటుంది. 1907లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం అమెరికన్ అమ్మాయి వేరే దేశం వాణ్ణి పెళ్ళి చేసుకుంటే ఆ క్షణం నుంచి ఆమె అమెరికన్ కాదు, భర్తది ఏ దేశమైతే ఆమెదీ అదే. అమెరికన్ మగాడు ఎవర్ని చేసుకున్నా ఏమీ కాదు, పైగా ఆ వచ్చిన భార్యకి మామూలుగా పౌరసత్వం దానంతటదే వచ్చేసేది.

ఎథెల్ మెకెంజీ అని కాలిఫోర్నియాలో పుట్టి అక్కడే పెరిగిన ఆవిడ, 1911లో ఆడవాళ్ళ ఓటు కోసం ప్రచారం చేసిన ఆవిడ, గెలిచాక శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరు నమోదు చేసుకోవడానికి వెళ్ళింది. భర్త బ్రిటిష్ పౌరుడు, స్కాట్లండ్ గాయకుడు, అక్కడే కాపురం. మీరు అమెరికన్ కాదు పొమ్మన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1915లో వాళ్ళూ అదే అన్నారు, తెలిసే పెళ్ళి చేసుకుంది కాబట్టి ఇష్టపడి పౌరసత్వం వదులుకున్నట్టే అని. తను కొట్లాడి తెచ్చిన ఓటు తనకే లేకుండా పోయింది.

ఓటొచ్చాక ఆడవాళ్ళ సంఘాలు మొదట పట్టుకున్న వాటిల్లో ఇదొకటి, 1922లో కేబుల్ చట్టం వచ్చింది. అందులోనూ మెలిక పెట్టారు, భర్త పౌరసత్వానికి అర్హత లేని జాతి వాడైతే మాత్రం ఆమెది పోతుంది. 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కాదు కాబట్టి అర్హులు కాదని కోర్టు తేల్చింది. అంటే ఆ తర్వాత మనవాళ్ళని చేసుకున్న అమెరికన్ ఆడవాళ్ళకి అమెరికా పౌరసత్వం పోయింది. తారక్‌నాథ్ దాస్ అని బెంగాలీ స్వాతంత్ర్యయోధుడు, ఆయన్ని చేసుకున్న మేరీ అలాగే పౌరసత్వం పోగొట్టుకుంది. ఆవిడ పుట్టింటి వాళ్ళు అమెరికన్లే, ఆవిడ పుట్టిందీ అక్కడే, ఆలిస్ పాల్ పార్టీలో పనిచేసింది కూడా.

నేను హెచ్4 మీద, అంటే ఉద్యోగం వీసా మీద ఉన్న భర్తతో పాటు ఇచ్చే వీసా మీద వచ్చాను. ఎంటెక్ చేసి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి వచ్చి, ఇక్కడ లైబ్రరీ కార్డుకి కూడా ఆయన పేరున్న కరెంటు బిల్లు పట్టుకెళ్ళా. 2015లో కొంతమంది హెచ్4 వాళ్ళకి వర్క్ పర్మిట్ ఇచ్చే రూలు రాకపోతే ఇంకా ఇంట్లోనే ఉండేదాన్ని. ఇప్పటికీ అది ఆయన గ్రీన్‌కార్డు ఫైలు ఎక్కడిదాకా వచ్చింది అన్నదాన్ని బట్టే. ఇది వీసా, అది పుట్టుకతో వచ్చిన పౌరసత్వం, రెండూ ఒకటనట్లేదు నేను. కానీ నువ్వెవరు అని అడిగితే ముందు మీ ఆయన ఎవరు అని చూసే పద్ధతి ఎంత పాతదో అప్పుడు నాకు అర్థమైంది.

పద్మజ_డాలస్:
శ్రావ్యా, చాలా బాగా రాశావు, ఇంకా రాస్తూ ఉండు. ఇదే పద్ధతి బ్యాంకుల్లో 1974 దాకా నడిచింది, పెళ్ళైన ఆడదానికి అప్పు కావాలంటే భర్త సంతకం అడిగేవారు, ఆ ఏడాది చట్టం తెచ్చి ఆపారు. జ్యూరీలో కూర్చోవడం కూడా అంతే, ఓటొచ్చింది కదా అని అన్ని రాష్ట్రాలూ ఆడవాళ్ళని జ్యూరీకి పిలవలేదు, మిసిసిపీలో 1968 దాకా లేదు.

సూటిమాట:
శ్రావ్య గారి పోస్టు రెండుసార్లు చదివాను. ఈ చట్టం గురించి నేనెప్పుడూ వినలేదు. మెషీన్ల మీద నా వాదన ఉద్యోగాల వరకే పనికొస్తుంది, ఇలాంటి చట్టాన్ని ఏ మెషీనూ మార్చదు, ఎవరో ఒకరు వెళ్ళి కూర్చుని మార్పించాల్సిందే. ఒక ప్రశ్న, ఆ 1923 తర్వాత పోగొట్టుకున్నవాళ్ళకి మళ్ళీ వచ్చిందా?

ప్రసన్న_ఆష్‌బర్న్:
అందరికీ చాలా థాంక్స్. అమ్మకి నిన్న రాత్రి అంతా చదివా, ట్రయాంగిల్ దగ్గర ఇంక చాలు ఆపమంది, కాసేపటికి మళ్ళీ చదవమంది. సుధ గారి ఉత్తరం కథకి మాత్రం తెగ సంతోషపడింది. ఆవిడ ప్రశ్న కూడా సూటిమాట గారిదే, ఆ ఎథెల్, మేరీ వాళ్ళ పౌరసత్వం తిరిగొచ్చిందా అని.

శ్రావ్య_మినియాపోలిస్:
ఆ మెలికని 1931 మార్చిలో తీసేశారు, అప్పటి నుంచి భర్త ఏ జాతి వాడైనా భార్య పౌరసత్వం పోదు. అప్పటికే పోయినవాళ్ళకి దానంతటదే వెనక్కి రాలేదు, అప్లికేషన్ పెట్టుకుని విదేశీయుల్లాగే కోర్టుకెళ్ళి తెచ్చుకోవాలి, మామూలు వాళ్ళకన్నా షరతులు కొంచెం తక్కువ. 1922కి ముందు పోగొట్టుకున్నవాళ్ళలో విడాకులైనవాళ్ళూ, భర్త పోయినవాళ్ళూ ప్రమాణం చేస్తే చాలని 1936లో ఇంకో చట్టం చేశారు, భర్త ఉన్నవాళ్ళకి అదే వెసులుబాటు 1940లో ఇచ్చారు, అదీ అప్పటిదాకా అమెరికాలోనే ఉన్నవాళ్ళకి. అంటే తను పుట్టిన ఊళ్ళోనే, తను పెరిగిన వీధిలోనే ఉంటున్న ఆవిడ జడ్జి ముందు చెయ్యెత్తి ఈ దేశానికి విధేయంగా ఉంటానని ప్రమాణం చెయ్యాలి. ఆ కాగితాలు చాలా ఊళ్ళ కోర్టు రికార్డుల్లో ఇప్పటికీ ఉన్నాయి. వంశవృక్షాలు వెతుక్కునేవాళ్ళు మా ముత్తవ్వ ఇక్కడే పుట్టింది కదా మరి ఈ ప్రమాణపత్రం ఏంటి అని అడుగుతుంటే చూశాను.

మన భారతీయులకి మాత్రం పౌరసత్వానికి అర్హత 1946లోనే వచ్చింది. కాలా బాగాయి గారని 1915లో ముగ్గురు కొడుకులతో శాన్‌ఫ్రాన్సిస్కో దిగారు, బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామాను తీసుకెళ్తే పక్కింటివాళ్ళు లోపలికి వెళ్ళనివ్వలేదు, తింద్ తీర్పు తర్వాత ఆవిడ భర్త తన పౌరసత్వం పోయిన బాధతో 1928లో ప్రాణం తీసుకున్నారు. ఆవిడ పిల్లల్ని చదివించుకుని, ఇంగ్లీషు నేర్చుకుని, 1946 చట్టం వచ్చాక తన పేరు మీద పౌరసత్వం తెచ్చుకున్నారు. ఇప్పుడు అదే బర్కిలీ డౌన్‌టౌన్‌లో ఒక వీధికి ఆవిడ పేరు పెట్టారు. ప్రసన్న గారూ, అమ్మ ఇంటర్వ్యూ ఎలా జరిగిందో ఇక్కడే రాయండి.